కాగితం మీది చెట్టు, కలపలోని చెట్టు

అందరికీ నమస్కారం. పత్రంలో రాసిన కలపా చేతికొచ్చిన కలపా ఒకటేనా అని ఎలా తేలుస్తారో ఈరోజు మాట్లాడుకుందాం. ఒక కేసుతో మొదలుపెడతాను. ఈరోజు చెప్పాల్సినదంతా దాదాపు అందులోనే ఉంది.

లంబర్ లిక్విడేటర్స్ అనే అమెరికన్ ఫ్లోరింగ్ కంపెనీ 2013లో తెప్పించిన సరుకు మీద విచారణ జరిగింది. అందులో రెండు అబద్ధాలు బయటపడ్డాయి. రష్యా తూర్పు కొసన పెరిగిన మంగోలియన్ ఓక్‌ను తెచ్చి, దిగుమతి పత్రంలో వెల్ష్ ఓక్, అంటే ఐరోపాలోని వేల్స్ ఓక్ అని రాశారు. మయన్మార్ నుంచి వచ్చిన మెర్పావ్ కలపను ఇండోనేషియా మహాగని అని రాశారు. కంపెనీ 2015లో నేరం ఒప్పుకుంది. 2016లో పడిన శిక్షలో జరిమానాలూ జప్తులూ అన్నీ కలిపి కోటీ 31 లక్షల డాలర్లు దాటాయి.

ఈ రెండు అబద్ధాలూ ఒక్క రకం కావు. మెర్పావ్ మామిడి కుటుంబానిది, మహాగని వేప కుటుంబానిది. కలప నిర్మాణం తెలిసినవాడు ఈ తేడాను ల్యాబ్‌లో మామూలు మైక్రోస్కోపుతోనే పట్టేస్తాడు. ఓక్ సంగతి అలా కాదు. రెండూ తెల్ల ఓక్ వర్గంలోవే. మైక్రోస్కోపు కింద గంటల తరబడి చూసినా ఇది ఆసియాది, అది ఐరోపాది అని నమ్మకంగా చెప్పే లక్షణం దొరకదు. దానికి డీఎన్ఏ కావాలి, లేదా ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు కావాలి. అందుకే పరికరం గురించి తర్వాత మాట్లాడదాం. పత్రంలో ఏం రాశారు, అందులో ఏ ముక్కను అనుమానిస్తున్నాం అన్నది ముందు తేలాలి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ‘ఇది దొంగ కలప’ అని ఏ ల్యాబూ చెప్పదు, చెప్పకూడదు. కొట్టడానికి అనుమతి ఉందా, హద్దు దాటారా, కోటా మించారా అన్నవి కణాల్లో రాసి ఉండవు. కలప చెప్పగలిగేవి నాలుగే: ఏ జాతి, ఎక్కడ పెరిగింది, ఫలానా మోడుకు చెందిన చెట్టేనా, ఎప్పటిది. ఆ జవాబును పత్రం పక్కన పెట్టి చూసినప్పుడే అబద్ధం కనిపిస్తుంది. ‘ఇదేం కలప?’ అని రాసి ముక్క పంపిస్తే ల్యాబ్‌కు ప్రపంచంలోని జాతులన్నీ వెతకాల్సిన పని పడుతుంది. ‘ఇది మహాగని అన్నారు, అవునా కాదా?’ అని రాసి పంపిస్తే పని సగానికి తగ్గుతుంది, జవాబూ గట్టిగా వస్తుంది.

జాతి తెలిసినంత మాత్రాన కేసు తేలిపోదు కూడా. మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో పెరిగే పెద్దాకు మహాగని 2003 నుంచి సైటీస్ (ముప్పున్న జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, ఎగుమతికి పర్మిట్ కావాలి. అదే జాతిని ఫిజీలోనో ఇండోనేషియాలోనో తోటగా పెంచితే ఆ పర్మిట్ అక్కర్లేదు. అంటే జాతి సరిపోయినా ప్రశ్న అలాగే ఉంటుంది: ఎక్కడిది?

సరే, చేతిలోకి కలప ముక్క వచ్చింది. పది రెట్లు పెంచి చూపే భూతద్దం, కొత్త బ్లేడు, కాసిని నీళ్లు ఉంటే చాలు, మొదటి వడపోత అక్కడే చేయవచ్చు. రంపం కోసిన ముఖం చూసి మాత్రం ఏమీ చెప్పకండి. రంపం పళ్లు కణాలను చిదిమేస్తాయి, రంధ్రాలు పొట్టుతో పూడిపోతాయి. దుంగ కొసన, నారకు సరిగ్గా అడ్డంగా ఉండే ముఖం మీద, సెంటీమీటరు వెడల్పున పలచటి పొర లేపాలి. బ్లేడును నొక్కకూడదు, పక్కకు జారుస్తూ ఒకే ఊపులో లాగాలి. కలప గట్టిదైతే ముందు తడిపి కాసేపు ఆగండి. అంచు మొద్దుబారితే మృదుకణజాలం (ఆహారం దాచుకునే పలచటి గోడల కణాలు) మొత్తం నలిగి తెల్లటి మరకలా కనిపిస్తుంది. కొత్తవాళ్లు ఆ మరకనే లక్షణం అనుకుంటారు. ఇక భూతద్దాన్ని కంటికి దగ్గరగా పట్టుకుని చెక్కను దాని దగ్గరకు తెచ్చుకోవాలి. చాలామంది భూతద్దాన్ని చెక్క మీద పెట్టి తాము దూరం నుంచి చూస్తారు, సగం చూపు అక్కడే పోతుంది.

ఏం చూడాలి? మొదట రంధ్రాలు, అంటే నీటిని మోసిన దారునాళాలు. టేకులో, ఓక్‌లో ప్రతి వార్షిక వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరుస కట్టి ఉంటాయి. మహాగనిలో అన్నీ ఇంచుమించు ఒకే సైజులో చెదిరి ఉంటాయి. తర్వాత లేత రంగు మృదుకణజాలం. రంధ్రం చుట్టూ ఉందా, రెక్కల్లా పక్కలకు సాగిందా, పట్టీలుగా ఉందా చూడండి. అసలు మహాగనిలో వలయం సరిహద్దున సన్నటి లేత గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఆఫ్రికన్ మహాగని పేరుతో అమ్మే ఖాయాలో ఆ గీత సాధారణంగా ఉండదు. తర్వాత పలక వెడల్పు ముఖాన్ని ఏటవాలు వెలుగులో పట్టుకోండి. దవ్వరేఖలు, అంటే చెట్టు నడుమ నుంచి బెరడు వైపు సాగే కణాల పట్టీలు, అంతస్తులుగా పేర్చినట్టుంటే చిన్న చిన్న అలల గీతలు కనిపిస్తాయి. రోజ్‌వుడ్ వర్గంలో, అంటే డాల్బెర్జియాలో, అవి చాలా ఉపయోగపడే గుర్తు.

ఓక్ దగ్గర ఒక చవకైన రసాయన పరీక్ష ఉంది. 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల సోడియం నైట్రైట్ కలిపి, చేవ భాగం మీద పూయాలి. తెల్ల ఓక్ వర్గమైతే కొద్ది నిమిషాల్లో ముదురు ఆకుపచ్చ మీదుగా ఊదా నలుపుకు తిరుగుతుంది. ఎర్ర ఓక్ కాస్త గోధుమ రంగుకు మారి ఆగిపోతుంది. పక్కనున్న పాలచెక్క (బెరడు వైపున్న లేత చెక్క) మీద పూస్తే ఈ పరీక్షకు అర్థం లేదు. సోడియం నైట్రైట్ విషం, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. ఈ పరీక్ష ఓక్‌ను రెండు వర్గాలుగా విడదీస్తుంది, అంతే. మొదట చెప్పిన కేసులో ఇది ఎందుకూ పనికిరాదు, అక్కడ రెండూ తెల్ల ఓక్ వర్గానివే.

రంగు, బరువు, వాసన గురించి ఎప్పుడూ అడుగుతారు. రాసుకోండి, కానీ వాటి మీద నిర్ణయం కట్టకండి. రంగు ఎండకూ గాలికీ మారిపోతుంది, పైగా రంగు వేసి పంపడం మోసగాళ్లకు తెలిసిన మొదటి విద్య.

భూతద్దం దగ్గర తేలకపోతే మైక్రోస్కోపు. ముక్కను చిన్న ఘనంగా కోసి, నీటిలో అడుగుకు మునిగేదాకా ఉడికిస్తారు. మరీ గట్టిదైతే గ్లిసరిన్ కలుపుతారు. మెత్తబడ్డాక స్లైడింగ్ మైక్రోటోముతో 15 నుంచి 20 మైక్రాన్ల మందంలో పొరలు తీస్తారు. మూడు ముఖాలూ కావాలి: అడ్డకోత, దవ్వరేఖ వెంబడి నిలువుకోత, వలయానికి స్పర్శగా నిలువుకోత. సాఫ్రనిన్ రంగు ఎక్కించి, ఆల్కహాలుతో నీరు తీసి, స్లైడు చేస్తారు. చూసినదాన్ని అంతర్జాతీయ కలప శాస్త్రవేత్తల సంఘం 1989లో వెలువరించిన జాబితా ప్రకారం నమోదు చేస్తారు. అందులో 163 నిర్మాణ లక్షణాలకు అంకెలున్నాయి కాబట్టి, ఒక దేశంలో రాసిన వివరణ ఇంకో దేశంలోని నిపుణుడికి అలాగే అర్థమవుతుంది. ఈ పద్ధతి సాధారణంగా ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, దగ్గర ఆగిపోతుంది. డాల్బెర్జియా అని చెప్పగలం. అందులో ఏది అన్నది చాలాసార్లు చెప్పలేం. సైటీస్ 2017 జనవరి నుంచి డాల్బెర్జియా ప్రజాతి మొత్తాన్ని జాబితాలో చేర్చాక తనిఖీవాళ్లకు ఇది పెద్ద ఊరట అయింది. ప్రజాతి పేరు చెప్పగలిగితే పర్మిట్ అడగొచ్చు. అదే ప్రజాతిలోని బ్రెజిల్ రోజ్‌వుడ్ మాత్రం 1992 నుంచే, వ్యాపారాన్ని దాదాపు నిషేధించే మొదటి అనుబంధంలో ఉంది కాబట్టి, దాన్ని విడిగా గుర్తించాల్సిన అవసరం అలాగే మిగిలింది.

మైక్రోస్కోపును పాతదని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. బొగ్గు చేతికొస్తే వాళ్లేం చేస్తారో చూడాలి. కాలి బొగ్గయిన కలపలో డీఎన్ఏ ఉండదు, చేవ రసాయనాలు ఉండవు, కణాల గోడల ఆకారం మాత్రం నిలుస్తుంది. బొగ్గును కోయకూడదు, వేళ్లతో విరవాలి. విరిగిన తాజా ముఖాన్ని పైనుంచి వెలుగు పడే మైక్రోస్కోపు కింద చూస్తే రంధ్రాలూ దవ్వరేఖలూ అన్నీ ఉంటాయి. కాగితంలోనైతే విడివడిన నాళకణాల ఆకారమూ వాటి గోడల మీది గుంటలూ చూసి, గుజ్జులో ఏ కలపలు కలిశాయో చెబుతారు. ప్లైవుడ్ దగ్గర జరిగే పొరపాటు మరీ సాధారణం. పై పొర ఒక్కటి పరీక్షించి మొత్తం షీటుకు పేరు పెట్టేస్తారు. మోసం సాధారణంగా లోపలి పొరల్లో ఉంటుంది. ముక్కను ఉడికించి పొరలు విడదీసి, ఒక్కోదానికి విడి నంబరు ఇవ్వాలి.

ఇక రసాయన ముద్ర. ఇందులో ఎక్కువగా వాడేది డార్ట్ మాస్ స్పెక్ట్రోమెట్రీ. అగ్గిపుల్లలో సగమంత పీలికను పట్టకారుతో పట్టుకుని, 350 డిగ్రీలకో అంతకు పైనో వేడెక్కిన హీలియం ధారలో కొద్ది సెకన్లు ఉంచుతారు. చేవలోని రసాయనాలు ఆవిరై, ఒక్కో అణువు బరువు ఎంతో యంత్రం గీస్తుంది. ఆ గీతను డేటాబేసులోని గీతలతో పోలుస్తారు. అమెరికా వన్యప్రాణి శాఖ వాళ్ల ఫోరెన్సిక్ ల్యాబ్, ఒరెగాన్‌లోని ఆష్‌లాండ్‌లో ఉన్నది, ఈ పద్ధతిని కలపకు బాగా వాడుకలోకి తెచ్చింది. నిర్మాణంలో కవలల్లా ఉండే జాతులను విడదీయడంలో దీని సత్తా కనిపిస్తుంది. ఎర్రచందనం 1995 నుంచి సైటీస్ రెండో అనుబంధంలో ఉంది. ఆఫ్రికాలో ముకులా అని పిలిచే దాని దాయాది టెరోకార్పస్ టింక్టోరియస్‌ను 2019లో చేర్చారు. కణాలు చూసి ఈ రెండింటినీ విడదీయడం చాలా కష్టం. రసాయన ముద్రతో విడదీయవచ్చు.

దీనికి చేవే కావాలి. పాలచెక్కలో ఆ రసాయనాలు పేరుకోవు కాబట్టి గీత బోడిగా వస్తుంది. వార్నిష్, జిగురు, రంపం చైను నూనె అన్నీ తమ గీతలు కలిపేస్తాయి. పై నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు చెక్కేసి లోపలి నుంచి పీలిక తీయాలి.

డీఎన్ఏకి సరిగ్గా దీనికి తిరగబడ్డ నియమం. బెరడు కింది కేంబియం పొర, పాలచెక్క, అక్కడే డీఎన్ఏ బాగుంటుంది. చేవగా మారేటప్పుడు కణాలు చచ్చిపోయి డీఎన్ఏ ముక్కలవుతుంది. వేడి గదిలో ఆరబెట్టిన పలకలో, వేడి ప్రెస్సులో నలిగిన ప్లైవుడ్‌లో ఇంకా పొట్టి ముక్కలే మిగులుతాయి. అందుకే పొడవాటి భాగాలను కాక 100, 200 అక్షరాల పొట్టి భాగాలను పెంచి చూస్తారు. కణానికి ఎన్నో ప్రతులుండే క్లోరోప్లాస్ట్ డీఎన్ఏను ముందు ప్రయత్నిస్తారు. కలపలోని ఫినాల్ పదార్థాలు పీసీఆర్‌ను, అంటే డీఎన్ఏ ప్రతులను పెంచే చర్యను, అడ్డుకుంటాయి. డీఎన్ఏను బయటికి తీసే ద్రావణంలో ఆ ఫినాల్‌లను పట్టేసే పీవీపీ అనే పదార్థం కలపడం, వచ్చిన డీఎన్ఏను పది రెట్లు పలచన చేసి మళ్లీ ప్రయత్నించడం ల్యాబుల్లో మామూలే. ప్రతి బ్యాచ్‌లో కలప వేయని ఖాళీ గొట్టం ఒకటి నడపాలి. దాంట్లో కూడా ఫలితం వచ్చిందంటే ఎక్కడో కలుషితమైంది, బ్యాచ్ మొత్తం పక్కన పెట్టాల్సిందే.

డీఎన్ఏ జాతిని చెబుతుంది, తగినన్ని మార్కర్లు (చెట్టుకూ చెట్టుకూ మారే డీఎన్ఏ గుర్తులు) ఉంటే ప్రాంతాన్ని చెబుతుంది. ఐరోపా తెల్ల ఓక్‌నూ ఆసియా తెల్ల ఓక్‌నూ అలాగే వేరుచేస్తారు. అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఒక్క చెట్టు సంగతి. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ జాతీయ అడవిలో 2018లో పెద్దాకు మేపుల్ చెట్లను దొంగతనంగా కొట్టారు. గిటార్లకు వాడే, అలల చార ఉన్న మేపుల్ అది, ధర బాగా పలుకుతుంది. దొంగ ఒక మిల్లుకు అమ్మిన పలకల డీఎన్ఏను అడవిలో మిగిలిన చెట్ల అవశేషాలతో పోల్చారు, మూడు చెట్లతో సరిపోయింది. అది యాదృచ్ఛికం కావడానికి అవకాశం ఒకటి పక్కన 36 సున్నాలు పెట్టినంత సంఖ్యలో ఒక్క వంతు. 2021లో జ్యూరీ దోషిగా తేల్చింది, 20 నెలల జైలు పడింది. అదే సందర్భంలో 2018లో అక్కడ రగిలిన కార్చిచ్చు తాలూకు అభియోగాల మీద మాత్రం జ్యూరీ తీర్పు ఇవ్వలేకపోయింది. పలక ఏ చెట్టుదో డీఎన్ఏ చెప్పింది, నిప్పు ఎవరు పెట్టారో అది చెప్పే విషయం కాదు. ఈ హద్దు ఎక్కడుందో తెలియని నిపుణుడు సాక్షి పెట్టెలో ఎక్కువసేపు నిలబడలేడు.

ఆ 36 సున్నాలకు కూడా వెనక ఒక పని ఉంది. ఆ జాతి చెట్లు వందలకొద్దీ సేకరించి, ఏ మార్కరు ఎంత తరచుగా కనిపిస్తుందో ముందే లెక్కవేసి ఉండాలి. ఆ లెక్క లేకపోతే ‘సరిపోయింది’ అన్న మాటకు విలువ కట్టలేం.

ఎక్కడ పెరిగిందో తేల్చడానికి ఐసోటోపులు. మేఘం సముద్రం నుంచి లోపలికి, కొండ మీదికి పోయేకొద్దీ బరువైన ఆక్సిజన్, హైడ్రోజన్ ఉన్న నీరు ముందు కురిసిపోతుంది. కాబట్టి వాన నీటి కూర్పు చోటును బట్టి మారుతుంది, చెట్టు ఆ నీటితోనే సెల్యులోజ్ కట్టుకుంటుంది. నత్రజని, గంధకం నేలను బట్టి మారతాయి, స్ట్రాన్షియం అడుగున ఉన్న రాతిని బట్టి. ఇవన్నీ కలిపి చూస్తే ఒక ప్రాంతపు ముద్ర వస్తుంది. 2022లో ఐరోపా సమాఖ్య రష్యా, బెలారుస్ కలపను నిషేధించాక, ఆ బర్చ్ ప్లైవుడ్ వేరే దేశాల ముద్ర వేసుకుని రావడం మొదలైంది. బర్చ్ జాతి చూస్తే ఏమీ తేలదు, అన్నిచోట్లా అదే బర్చ్. అక్కడ ఐసోటోపులకే పని. ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన అడవుల నరికివేత నియమం కలప పెరిగిన స్థలం అక్షాంశ రేఖాంశాలను అడుగుతుంది కాబట్టి, ఆ అంకెలను సరిచూసే అవసరం ఇంకా పెరుగుతుంది.

ఇబ్బంది ఏమిటంటే, దూరంగా ఉన్న రెండు ప్రాంతాల వాతావరణం ఒకేలా ఉంటే ముద్రా ఒకేలా రావచ్చు. అందుకే ‘ఇది ఎక్కడిది?’ అనే ప్రశ్నకు ఈ పద్ధతి తడబడుతుంది, ‘ఇది అక్కడిది కాదు’ అనే మాటను ధీమాగా చెబుతుంది. ఏడాది ఏడాదికీ వాన మారుతుంది కాబట్టి ఒక్క వలయం చాలదు, కొన్ని వలయాలు కలిసొచ్చే ముక్క కావాలి. ఎవరైనా పటం మీద చుక్క పెట్టి ఇదిగో ఇక్కడే అంటే, చుట్టుపక్కల నుంచి మీ దగ్గర రిఫరెన్సు చెట్లు, అంటే పోల్చడానికి తీసిన తెలిసిన చెట్లు, ఎన్ని ఉన్నాయని అడగండి.

‘ఇది నిషేధానికి ముందే కొట్టిన పాత నిల్వ’ అనే వాదన వచ్చినప్పుడు రేడియోకార్బన్ ఉపయోగపడుతుంది. 1950, 60 దశకాల అణు పరీక్షలు గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్‌ను పెంచాయి, ఆ పెరుగుదలా తగ్గుదలా ఏటికేడు వలయాల్లో నమోదయ్యాయి. కానీ ఒక వలయం ఎప్పటిదో చెప్పినంత మాత్రాన చెట్టు ఎప్పుడు కొట్టారో చెప్పినట్టు కాదు. బెరడు పక్కనున్న చివరి వలయం దొరికితేనే కొట్టిన ఏడు తెలుస్తుంది. చేవ ముక్క మాత్రమే ఉంటే, ఆ ఏడు తర్వాతే కొట్టారు అన్నంతవరకే.

వెనక వరుస నుంచి ఎవరో అడిగారు, ఫోను కెమెరాతో యాప్ గుర్తుపట్టదా అని. గుర్తుపడుతుంది, బాగానే. అడ్డకోత ఫొటోల మీద శిక్షణ పొందిన కంప్యూటర్ ప్రోగ్రాములు అమెరికాలోని మాడిసన్‌లో, మలేషియాలో, ఇండోనేషియాలో తయారయ్యాయి. చెక్‌పోస్టు దగ్గర వడపోతకు మంచివి. కానీ దానికి నేర్పిన జాతులు 30 ఉంటే, 31వ జాతి చూపించినా ఆ 30లో ఏదో ఒక పేరు చెబుతుంది. బ్లేడు కోత బాగా లేకపోతే ఇంకా తప్పుతుంది. అరెస్టుకు కాదు, ఆపి నమూనా తీయడానికి వాడండి.

ఇప్పుడు అసలు కేసులు ఎక్కువగా చెడిపోయే చోటుకు వద్దాం: నమూనా తీయడం. కంటెయినర్‌లో ఎన్ని ముక్కలు తీయాలి? నూటికి పది ముక్కలు మోసమైనవైతే, యాదృచ్ఛికంగా పది తీస్తే కనీసం ఒక్కటైనా దొరికే అవకాశం 65 శాతమే. 29 తీస్తే 95 శాతం. మోసం నూటికి అయిదైతే 59 తీయాలి. యాదృచ్ఛికంగా అంటే తలుపు దగ్గరున్నవి కాదు. మంచి సరుకును తలుపు దగ్గర పేర్చడం వాళ్లకు రాదనుకోకండి.

ఏ పరీక్షలు పడతాయో ముందే తెలియకపోతే, చేవా పాలచెక్కా రెండూ ఉండేలా, వీలైతే బెరడుతో సహా అగ్గిపెట్టెంత ముక్క తీయండి. డ్రిల్లు వాడితే నెమ్మదిగా తిప్పండి, పొగ వచ్చిందంటే డీఎన్ఏ పోయినట్టే. ఒక దుంగకూ ఇంకో దుంగకూ మధ్య పనిముట్టును బ్లీచ్‌తో తుడిచి కడగాలి, చేతి తొడుగులు మార్చాలి. పచ్చి ముక్కను ప్లాస్టిక్ సంచిలో కట్టేస్తే రెండు రోజుల్లో బూజు పట్టి, ల్యాబ్‌లో బూజు డీఎన్ఏ చదవాల్సి వస్తుంది. కాగితం కవరులో వేసి, సిలికా జెల్ పెట్టండి. ముక్క తీసిన చోట దుంగకూ కవరుకూ ఒకే నంబరు రాసి, రెండూ ఒకే ఫొటోలో పడేలా తీయండి. సీలు వేయండి, చేతులు మారిన ప్రతిసారీ తేదీ, సమయం, సంతకం.

రిఫరెన్సు నమూనాకు కూడా ఇదే కట్టుదిట్టం. ఆకూ పువ్వూ కాయా ఉన్న హెర్బేరియం రెమ్మ (ఎండబెట్టి భద్రపరిచినది), జీపీఎస్ అంకె, కలప ముక్క, మూడూ ఒకే చెట్టువి కావాలి. మాడిసన్ కలప భాండాగారంలో లక్షకు పైగా నమూనాలున్నాయి. ఇలాంటి పెద్ద భాండాగారాల్లో పాత నమూనాలకు హెర్బేరియం రెమ్మ లేకపోవడమూ, కొన్నిటి పేరు తప్పు కావడమూ అందరికీ తెలిసిందే. తప్పు పేరున్న రిఫరెన్సుతో పోలిస్తే యంత్రం ఎంత ఖరీదైనా తప్పే చెబుతుంది.

రిపోర్టులో ‘ఇది పెరూ మహాగని’ అని రాయకండి. ‘ఈ ముక్క స్వీటీనియా (మహాగని) ప్రజాతికి చెందింది, ఐసోటోపు విలువలు పత్రంలో ప్రకటించిన ఫిజీ రిఫరెన్సులతో సరిపోవడం లేదు, పోల్చిన రిఫరెన్సులు ఇన్ని’ అని రాయండి. పక్కన పద్ధతి, తప్పు జరిగే రేటు, పరీక్షించిన ముక్కల నంబర్లు ఉండాలి. తీసిన ప్రతి ముక్కలో సగం పరీక్షకు పంపకుండా సీలుతో అలాగే ఉంచండి. నిందితుడి తరఫు లాయరు తమ ల్యాబ్‌లో మళ్లీ పరీక్ష చేయిస్తామని అడుగుతాడు. ఇవ్వడానికి ముక్క లేకపోతే, మీ ఫలితం సరైనదే అయినా దాన్ని పక్కన పెట్టమని జడ్జిని కోరడానికి అతనికి అదొక్కటి చాలు.